జపాన్ యానిమేషన్ చిత్రాల్లో వర్గభేదం: పందుల దృశ్యం దగ్గరే ఆగిపోకండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ‘స్పిరిటెడ్ అవే’లో తల్లిదండ్రులు పందులైపోయే దృశ్యం పెట్టుబడిదారీ వ్యవస్థ మీద విమర్శ అని ఎక్కడో చదివారు, పదకొండేళ్ళ మీ అమ్మాయితో కలిసి చూసిన సినిమాలో అంత అర్థం వెతకడం అతి కాదా అన్నది మొదటిది. జపాన్‌లో అందరూ మధ్యతరగతివాళ్ళేనంటారు కదా, అలాంటి దేశపు యానిమేషన్‌కు ధనిక, పేద తేడాల గురించి చెప్పడానికి ఏముంటుంది అన్నది రెండోది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ చిత్రాలను చూస్తూ, ఫిల్మ్ సొసైటీలో చూపిస్తూ, ఆ తరువాత జరిగే చర్చల్లో కూర్చుంటూ వచ్చినవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తాను. మీరు చదివినది అతి కాదు. అయితే ఆ సినిమాలో ఈ విషయానికి పందుల దృశ్యం గుమ్మం మాత్రమే. చాలామంది ఆ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతారు.

మనకు అలవాటైన సినిమాల్లో ఈ తేడా దూరం నుంచే తెలిసిపోతుంది. జమీందారు మేడ ఒకవైపు, పాలేరు గుడిసె మరోవైపు ఉంటాయి. పతాక సన్నివేశానికల్లా ఎవరో ఒకరు నోరు విప్పి ఆ అన్యాయాన్ని మాటల్లో చెబుతారు. జపాన్ యానిమేషన్‌లో అలా చెప్పే పాత్రలు అరుదు. అక్కడ ఎవరు వండుతున్నారు, ఎవరు తింటున్నారు, పని ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఆ మనిషి ఉండే ఇల్లు ఊరికి ఎగువన ఉందా దిగువన ఉందా అన్నవి చూడాలి. నటులతో తీసే సినిమాలో కెమెరా ముందుకు ఒక వస్తువు అనుకోకుండా రావచ్చు. చేత్తో గీసే సినిమాలో అలా జరగదు. తెరమీద ఒక గిన్నె అంచు పెచ్చు ఊడి కనబడిందంటే, దాన్ని అలాగే గీయాలని ఒక మనిషి కూర్చుని నిర్ణయించుకున్నాడని అర్థం.

ఇప్పుడు 2001లో మియజాకి హయావో తీసిన ఆ సినిమాకే వద్దాం. చిహిరో కుటుంబం దారి తప్పి, సొరంగం దాటి, మనుషులు లేని ఒక వింత ప్రదేశానికి చేరగానే తండ్రి దాన్ని గుర్తుపడతాడు. ఇది మూతపడిన థీమ్ పార్కు, 1990 ప్రాంతంలో ఇలాంటివి ఎక్కడపడితే అక్కడ తలపెట్టారు, బుడగ పగిలాక అన్నీ మూతపడ్డాయి అంటాడు. జపాన్ ప్రేక్షకుడికి ఆ రెండు వాక్యాలు చాలు. మనకు కొంచెం వెనక్కి వెళ్ళవలసి ఉంటుంది. డాలరు విలువ తగ్గించడానికి పెద్ద దేశాలు కుదుర్చుకున్న 1985 ప్లాజా ఒప్పందం తరువాత యెన్ విలువ బాగా పెరగడంతో, ఎగుమతిదారులు దెబ్బతినకుండా వడ్డీరేట్లు తగ్గించారు; అలా చవకైన అప్పు భూముల మీదికి, షేర్ల మీదికి వరదలా పారి వాటి ధరలు బుడగలా ఉబ్బాయి. 1987లో వచ్చిన రిసార్టుల చట్టం గ్రామీణ ప్రాంతాల్లో హోటళ్ళు, గోల్ఫ్ మైదానాలు, వినోద పార్కులు కట్టేవారికి రాయితీలిచ్చింది. 1989 డిసెంబరు 29న జపాన్ షేర్ల సూచీ నిక్కీ 38,915 దగ్గర శిఖరాన్ని తాకి, కొత్త సంవత్సరం నుంచి కూలడం మొదలుపెట్టింది. సినిమా విడుదలైన నాటికి చిహిరోకు పదేళ్ళు. అంటే ఆ బుడగ పగిలిన రోజుల్లో పుట్టిన పిల్ల అన్నమాట. తండ్రి మాత్రం బుడగ కాలపు మనిషే. యజమాని కనబడని అంగట్లో తిండికి ఎగబడుతూ, భయం లేదు, నా దగ్గర కార్డు ఉంది, డబ్బూ ఉంది అని ధైర్యం చెబుతాడు. ముందు తినేసి తరువాత కడదాం అన్న ఆ ధోరణి ఒక్క మనిషిది కాదు. దీన్ని తిండిపోతుతనానికి పడిన శిక్షగా, నీతికథలా చూడవచ్చు. కాని ఆ బాకీ తీర్చడానికి కూలికి వెళ్ళింది మాత్రం తిననే తినని పదేళ్ళ కూతురు.

అక్కడి నుంచి సినిమా దాదాపు పూర్తిగా ఒక పనిచోటులోనే నడుస్తుంది. దేవతలు అలసట తీర్చుకోవడానికి వచ్చే ఆ స్నానశాలలో పని చేయనివాళ్ళను యజమానురాలు యుబాబా జంతువులుగా మార్చేస్తుంది. అందుకే చిహిరో ఆమె గదికి వెళ్ళి, ఎంత బెదిరించినా, ఎంత కసిరినా, నన్ను ఇక్కడ పనిలో పెట్టుకోండి అన్న ఒక్క మాటనే పట్టుకుని నిలబడుతుంది. ఒప్పంద పత్రం మీద సంతకం కాగానే యుబాబా ఆ సంతకంలోని అక్షరాలను గాలిలోకి లేపి, గుప్పిట్లో దాచుకుని, ఒక్క అక్షరం వదిలిపెడుతుంది. ఆ అక్షరాన్ని ‘సెన్’ అని చదువుతారు. దాని అర్థం వెయ్యి. మనిషి పేరు పోయి అంకె మిగిలింది. యెన్‌లో నూరోవంతుగా ఒకప్పుడు చెల్లిన చిల్లర పేరు పలుకుబడి కూడా అదే. యుబాబా కవల సోదరి జెనీబా పేరులోని ‘జెనీ’ అంటే డబ్బు. ఈ పేర్లన్నీ యాదృచ్ఛికంగా కుదిరాయని నేను అనుకోను.

బాయిలర్ గదిలో ఆరు చేతుల కమాజీ తాత తనను తాను బాయిలర్‌కు బానిసనని చెప్పుకుంటాడు. బొగ్గు మోసే చిన్నచిన్న మసి ప్రాణులు పని ఆపితే మంత్రం పోయి మళ్ళీ మామూలు మసైపోతాయి. ఒక మసి ప్రాణి బరువు కింద నలిగిపోతుంటే చిహిరో జాలిపడి ఆ బొగ్గును తాను ఎత్తుతుంది; వెంటనే మిగిలినవన్నీ బొగ్గు కింద పడిపోయినట్టు నటిస్తాయి. చెయ్యి వేస్తే పని చివరిదాకా చెయ్యి, వీటికి పని లేకపోతే ప్రాణమే లేదు, నీకు ఇక్కడ పని లేదు, వేరే చోట అడుగు అంటాడు తాత. మా చర్చల్లో పిల్లలు ఈ దృశ్యానికి నవ్వుతారు, కార్ఖానాలో పని చేసి రిటైరైన పెద్దలు నవ్వరు. ఉన్న కాస్త పనినీ కొత్తగా వచ్చినవాళ్ళు లాగేసుకుంటారన్న భయం ఆ పెద్దలకు బాగా తెలుసు.

నన్ను అడిగితే, ఈ సినిమాలో వర్గం గురించిన అసలు దృశ్యం బురద దేవుడి స్నానం తరువాత వస్తుంది. కంపు కొట్టే ఆ అతిథి ఒంట్లో గుచ్చుకున్న సైకిలును, దాని వెనుక కొట్టుకొచ్చిన చెత్తనంతటినీ సెన్ అందరితో కలిసి తాళ్ళు కట్టి లాగేస్తుంది. అతను ఒక గొప్ప నది దేవుడని తేలుతుంది. వెళ్తూ వెళ్తూ నేలంతా బంగారు రజను వదిలిపెడతాడు. పనివాళ్ళు దాన్ని ఏరుకుంటారు. యుబాబా దిగివచ్చి, సెన్‌ను కౌగలించుకుని, అందరూ ఈ పిల్లను చూసి నేర్చుకోండి, ఈ రాత్రికి మీకు సాకె (బియ్యపు సారా) నేను పోయిస్తాను అని ప్రకటిస్తుంది. కేకలు, చప్పట్లు. ఆ వెంటనే, ఏరుకున్న బంగారమంతా ఇటు ఇచ్చేయండి అంటుంది. అరనిమిషం కూడా పట్టని ఆ ముచ్చటలో మెచ్చుకోలు ఉంది, ఒక పూట తాగుడు ఉంది, రాబడి ఎవరికి చెందుతుందన్న నియమమూ ఉంది. యుబాబా అక్కడ దుర్మార్గురాలిలా ప్రవర్తించదు. ఒక మంచి యజమానిలాగానే ప్రవర్తిస్తుంది, అందుకే ఆ దృశ్యం నాకు అంత నిజంగా తోస్తుంది.

అయినా ఈ చిత్రాన్ని పెట్టుబడి మీద విమర్శ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగం పోతుంది. చిహిరో పనిని అసహ్యించుకోదు. నేల తుడుస్తూ, తొట్టె తోముతూనే ఆ బెదురు పిల్ల నిలబడడం నేర్చుకుంటుంది. ముఖంలేని కావొనాషి గుప్పెళ్ళతో బంగారం చూపితే మిగిలిన పనివాళ్ళు పాటలు పాడి పళ్ళేలు మోస్తారు, ఆమె మాత్రం వద్దంటుంది. ఆ బంగారం చివరికి మట్టి అవుతుంది. పనిలో ఉన్న గౌరవాన్నీ, పని పేరుతో మనిషి పేరే లాక్కోవడాన్నీ మియజాకి ఒకే కప్పు కింద పెట్టారు. ఇక రిన్ అనే తోటి పనిమనిషిని మరచిపోకండి. ఎప్పటికైనా ఇక్కడి నుంచి బయటపడి, నీటి అవతలి పట్టణానికి వెళ్ళిపోతానని ఆమె చెబుతుంది. అటు వెళ్ళే రైలు గురించి కమాజీ అనేది, పూర్వం తిరుగు బండి కూడా ఉండేది, ఇప్పుడు వెళ్ళడమే తప్ప రావడం లేదు అని. చిహిరో ఒప్పందం రద్దయి ఇంటికి వెళ్ళిపోతుంది. రిన్ ఒప్పందం రద్దు కాదు. స్నానశాల ఆ సాయంత్రం కూడా దీపాలు వెలిగించుకునే ఉంటుంది.

మీ రెండో ప్రశ్న, అందరూ మధ్యతరగతే కదా అన్నది. ఆ మాట జపాన్‌లో ఒక నినాదంలా వాడుకలోకి వచ్చింది. పది కోట్ల జనం మొత్తం మధ్యతరగతే అని దాని అర్థం. 1970లలో ప్రభుత్వ సర్వేల్లో తొంభై శాతం దాకా జనం మేము మధ్యస్థులమే అని చెప్పుకున్న మాట నిజం. అయితే చెప్పుకోవడం వేరు, ఉండడం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని నాకు తెలిసినంతలో అతి సూక్ష్మంగా పట్టుకున్నవారు మియజాకి సహచర దర్శకుడు తకహాతా ఇసావో. ఆయన 1991లో తీసిన ‘ఓన్లీ ఎస్టర్‌డే’లో తయెకో అనే ఇరవై ఏడేళ్ళ టోక్యో ఉద్యోగిని 1982 వేసవిలో సెలవు పెట్టి యమగాత ప్రాంతంలో కుసుమ పూలు కోయడానికి వెళ్తుంది. ఆ పూల నుంచే పెదవులకు పూసుకునే ఎర్రరంగు తీస్తారు; ముళ్ళు గుచ్చుకుంటూ పూలు కోసిన పల్లెటూరి ఆడపిల్లలు మాత్రం ఒక్కసారైనా ఆ రంగు పూసుకోకుండానే బతుకు వెళ్ళదీశారన్న మాట తయెకో గొంతులోనే వినబడుతుంది. ఆమెకు పల్లె అంటే ప్రేమ. ఆ ప్రేమకు పరీక్ష ఇంటి ముసలమ్మ రూపంలో వస్తుంది: అక్కడి యువ రైతు తొషియోను పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపో అంటుందామె. తయెకో కంగారుపడి వానలో బయటికి పరుగెత్తుతుంది. పంట లేని చలికాలం గురించి, సేద్యం గురించి ఏమీ తెలియకుండా ఇష్టం అంటూ తిరిగానని సిగ్గుపడుతుంది. సరిగ్గా అప్పుడు ఆమెకు అబె గుర్తుకొస్తాడు.

అబె 1966లో ఆమె అయిదో తరగతిలో పక్కన కూర్చున్న బీద కుర్రవాడు. మాసిన బట్టలు, శుభ్రం లేని చేతులు. ఆడపిల్లలందరూ వాణ్ణి ఈసడించుకునేవారు. తయెకో ఎన్నడూ పైకి ఒక్క మాట అనలేదు, ఇతరులు అంటుంటే కలవలేదు. వాడు బడి మారి వెళ్ళిపోయే రోజున ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ వచ్చి, ఆమె దగ్గర ఆగి, నీకు మాత్రం చెయ్యి ఇవ్వను పో అన్నాడు. అందరికంటే ఎక్కువగా వాణ్ణి చూసి అసహ్యపడింది తనేనని, ఆ సంగతి వాడికి తెలుసునని తయెకో ఇన్నేళ్ళ తరువాత ఒప్పుకుంటుంది. తొషియో దానికి మరో అర్థం చెప్పి ఓదారుస్తాడు, నీ దగ్గర మాత్రమే వాడు మనసులోని కోపం చూపగలిగాడేమో అంటాడు. ఆ ఓదార్పును నేను పూర్తిగా నమ్మలేను. మర్యాదగా మౌనంగా ఉంటూనే పక్కవాణ్ణి ముట్టుకోవడానికి వెనుకాడడం ఎలాంటిదో మన బడుల్లో చదివినవాళ్ళకు ఎవరూ వివరించనక్కరలేదు. మేము ఈ సినిమా చూపినప్పుడల్లా చర్చ ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

తకహాతా అంతకుముందు 1988లో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ను అందరూ యుద్ధ వ్యతిరేక చిత్రమనే చెబుతారు, ఆయన మాత్రం అలా అనడానికి ఒప్పుకోలేదు. నొసకా అకియుకి 1967 నాటి కథ దీనికి ఆధారం. దీన్ని ఒకసారి ఆర్థిక దృష్టితో చూడండి. 1945 జూన్‌లో కోబె నగరం మీద పడిన బాంబుల్లో తల్లిని పోగొట్టుకున్న సెయిత, సెత్సుకో బీదపిల్లలు కారు. తండ్రి నౌకాదళ అధికారి. తల్లి పేర బ్యాంకులో 7,000 యెన్లు ఉన్నాయి, ఆ కాలానికి అది పెద్ద మొత్తం. అయినా నాలుగేళ్ళ పిల్ల ఆకలితో చనిపోతుంది. డబ్బు ఉండి కూడా ఎందుకు చనిపోయిందన్నదే ఈ చిత్రం ప్రశ్న. రేషన్ కాలంలో అన్నం దొరికేది నోటుతో కాదు, సంబంధంతో. పెద్దమ్మ వరసయ్యే బంధువు ఇంట్లో తల్లి కిమోనోలు అమ్మి తెచ్చిన బియ్యంలోంచే, పనికి వెళ్ళేవాళ్ళకు అన్నం ముద్దలు, ఈ పిల్లలకు పలచని జావ వస్తాయి. గరిటె కుండ అడుగుకు వెళ్తుందా, పైపైన తిరుగుతుందా అన్నది తకహాతా మనకు స్పష్టంగా చూపిస్తారు. అభిమానం చంపుకోలేక సెయిత చెల్లెలిని తీసుకుని చెరువు గట్టు మీది గుహకు వెళ్ళిపోతాడు. బియ్యం అడిగితే రైతు చెప్పే మాట కీలకం: ఇప్పుడు అన్నీ రేషన్ మీదే, ఇరుగుపొరుగు సంఘంలో పేరు లేకుండా బతకలేవు, వెళ్ళి పెద్దమ్మకు క్షమాపణ చెప్పుకో. అధికారి కొడుకుగా పెరిగిన పిల్లవాడికి తల వంచడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. బ్యాంకు నుంచి 3,000 యెన్లు తీసుకునే రోజునే దేశం లొంగిపోయిందని, తండ్రి ఉన్న నౌకాదళం మునిగిపోయిందని వాడికి తెలుస్తుంది.

చాలామంది కన్నీళ్ళ మధ్య గమనించని దృశ్యం దాని తరువాత వస్తుంది. సెత్సుకో చనిపోయాక, అదే చెరువుకు ఆవలి ఒడ్డున ఉన్న పెద్ద బంగళాకు యువతులు కొందరు తిరిగి వస్తారు. యుద్ధకాలమంతా సురక్షితంగా ఎక్కడో తలదాచుకుని వచ్చినవాళ్ళు. కిటికీలు తెరిచి, ఎన్నాళ్ళయిందో ఈ ఇల్లు చూసి అని మురిసిపోతూ గ్రామఫోన్ మీద ఒక పాత ఇంగ్లీషు పాట పెడతారు. ఇంటిని మించిన చోటు లేదన్నది ఆ పాట భావం. ఆ స్వరం చెరువు దాటి ఖాళీ గుహ మీదుగా వినబడుతుంది. ఒకే చెరువు, రెండు ఒడ్లు. వాళ్ళను చెడ్డవాళ్ళుగా గీయలేదు, ఒక్క కటువైన మాట అనిపించలేదు. యుద్ధం అందరినీ సమానంగా కాల్చిందన్న మాట అబద్ధమని ఆ పాట చెబుతుంది. 2013లో మియజాకి తీసిన ‘ది విండ్ రైజెస్’లోనూ ఇలాంటి ఒక చోటు ఉంది: రాత్రి వీధిలో ఆకలితో నిలబడిన పిల్లలకు విమానాల ఇంజినీరు జిరో కేకు ఇవ్వబోతే వాళ్ళు తీసుకోకుండా పారిపోతారు; మనం విమాన సాంకేతికతకు జర్మన్లకు కట్టే డబ్బుతో దేశంలోని ఆకలి పిల్లలందరికీ అన్నం పెట్టవచ్చునని స్నేహితుడు హొంజో అంటాడు, అని మరునాడు అదే పనికి వెళ్తాడు. కొత్త విమానాన్ని ప్రయోగ స్థలానికి ఎద్దులు లాక్కెళ్ళే దృశ్యం కూడా అందులోనిదే.

‘ప్రిన్సెస్ మొనొనొకె’ (1997) గురించి ఒక సంగతి చెప్పాలి. దాన్ని అడవికీ మనిషికీ మధ్య పోరాటంగా చూస్తాం, ఇనుము కరిగించే ఊరి యజమానురాలు ఎబొషిని ప్రతినాయికగా లెక్కవేస్తాం. ఆమె ఊళ్ళో కొలిమి తిత్తులు తొక్కేది వేశ్యావాటికల నుంచి ఆమె డబ్బు కట్టి విడిపించిన ఆడవాళ్ళు. నాలుగు పగళ్ళు ఎడతెరిపి లేకుండా తొక్కాలి. అయినా పట్నం కంటే ఇదే నయం, కడుపునిండా తిండి ఉంది, మగవాళ్ళ పెత్తనం లేదు అంటారు. నిజానికి జపాన్ పాత ఇనుప కొలిముల దగ్గరికి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు, కొలిమి దేవత కనయాగొకు వాళ్ళు గిట్టరని నమ్మకం. ఆ ఆచారాన్ని మియజాకి కావాలనే తిరగేశారు. తుపాకులు చేసేది కుష్ఠురోగులు. మమ్మల్ని మనుషులుగా చూసి, కుళ్ళిన మా ఒళ్ళు కడిగింది ఈమె ఒక్కతే అని వాళ్ళలో ముసలివాడు కథానాయకుడు అషితకతో చెబుతాడు. కుష్ఠురోగులను సమాజానికి దూరంగా నిర్బంధించే చట్టాన్ని జపాన్ రద్దు చేసింది 1996లో, ఈ చిత్రానికి ఒక ఏడాది ముందు. ఇంతమందికి అన్నం పెట్టే కొలిమే అడవిని తింటోంది. ఎబొషి నుంచి ఆ ఊరిని లాగేసుకుంటే ఆ ఆడవాళ్ళు తిరిగి ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా చెట్ల గురించి మాట్లాడడం కుదరదు. ఇలాంటి ముడిని పిల్లలు కూడా చూసే సినిమాలో విప్పకుండా వదిలిపెట్టడం పెద్ద సాహసం.

మీ అమ్మాయికి ‘కికీస్ డెలివరీ సర్వీస్’ (1989) నచ్చుతుందని అనుకుంటున్నాను కనుక దాన్ని క్లుప్తంగా ప్రస్తావిస్తాను. పదమూడేళ్ళ మంత్రగత్తె కొత్త ఊళ్ళో బేకరీ మీది గదిలో ఉంటూ సరుకులు చేరవేసి బతుకుతుంది. సామాన్లు కొన్నాక చేతిలో మిగిలిన చిల్లర లెక్కపెట్టుకుని కొన్నాళ్ళు పాన్‌కేకులతోనే సరిపెట్టుకోవాలనుకుంటుంది. ఒక ముసలమ్మ మనవరాలి పుట్టినరోజుకని చేపతో ‘పై’ అనే కాల్చిన వంటకం చేయిస్తుంది, కికీ కట్టెల పొయ్యి రాజేసి సాయం పట్టి, వానలో తడుస్తూ మోసుకెళ్తుంది. ఖరీదైన గౌను వేసుకున్న మనవరాలు తలుపు తీసి, నాకిది ఇష్టం లేదని నాన్నమ్మకు చెబుతూనే ఉన్నానే అని తలుపు వేసేస్తుంది. సరుకు ఇచ్చి రసీదు తీసుకునే ఏ పనివాడికైనా ఆ తలుపు చప్పుడు తెలుసు.

బుడగ పగిలిన తరువాతి దశాబ్దాల్లో తేడా మరుగున ఉండడం మానేసింది. 2003 ఆరంభంలో జరిగిన తొలి దేశవ్యాప్త లెక్కింపులో ఇల్లు లేనివారు 25,296 మంది తేలారు. అదే ఏడాది కొన్ సతొషి ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ వచ్చింది. క్రిస్మస్ రాత్రి ముగ్గురు నిరాశ్రయులకు చెత్తలో ఒక పసిపాప దొరకడం కథ. రైల్లో వాళ్ళ పక్కన ఖాళీ ఏర్పడుతుంది, ముక్కులు మూసుకుంటారు. సరదాకి ముసలివాళ్ళను కొట్టే కుర్రవాళ్ళు ఎదురవుతారు. ఆ ముగ్గురిలో ఒకడైన, తాను సైకిల్ పందేల క్రీడాకారుణ్ణని గొప్పలు చెప్పే గిన్, అప్పులపాలై ఇల్లు వదిలిన సైకిళ్ళ కొట్టువాడని తరువాత తేలుతుంది. కూతురి కోసం దాచుకున్న డబ్బంతా తోటివాడి ఆస్పత్రి బిల్లుకు పోతుంది. యాదృచ్ఛికాలు మితిమీరాయని కొందరు విమర్శిస్తారు. చట్టమూ, చుట్టమూ ఆదుకోని మనుషులకు అద్భుతం తప్ప మరో దారి కనబడలేదేమో అని నేను సర్దిచెప్పుకుంటాను.

2009లో ప్రభుత్వం మొదటిసారిగా సాపేక్ష పేదరికం (నడిమి ఆదాయంలో సగం కంటే తక్కువతో బతికేవారి) రేటు 15.7 శాతమని అధికారికంగా ప్రకటించింది. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు. అద్దె కట్టలేక ఇంటర్నెట్ కఫేల్లో రాత్రులు గడిపేవాళ్ళు దేశంలో సుమారు 5,400 మంది ఉంటారని 2007లోనే ఒక ప్రభుత్వ అంచనా వచ్చింది. షిన్‌కాయ్ మకొతొ 2019లో తీసిన ‘వెదరింగ్ విత్ యూ’లో ద్వీపం నుంచి పారిపోయి వచ్చిన హొదకా అలాంటి కఫేలోనే పడుకుంటాడు. తల్లి చనిపోయాక తమ్ముణ్ణి సాకుతున్న హినా వయసు పెంచి చెప్పి బర్గర్ల దుకాణంలో పని చేస్తుంది, ఆ పని పోగానే ఆమెను రాత్రి క్లబ్బుల్లో పెట్టడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. ఇంటికి వచ్చిన అతిథికి ఆమె చేసి పెట్టేది ఆలూ చిప్స్ కలిపిన ఫ్రైడ్ రైస్, కిటికీ దగ్గర పెంచుకున్న బఠానీ మొలకలు. అదే దర్శకుడు మూడేళ్ళ ముందు తీసిన ‘యువర్ నేమ్’లో పిల్లలు కఫేల్లో పాన్‌కేకులు తింటారు. ఈ రెండు భోజనాలను పక్కపక్కన పెట్టి చూడండి. చివర్లో వాన ఆగక టోక్యో మునుగుతుంది. మునిగేది ముందుగా తూర్పు దిక్కున ఉన్న పల్లపు పేటలు, పాతకాలం నుంచి చేతివృత్తులవాళ్ళు, చిన్న వ్యాపారులు ఉంటూ వచ్చిన చోట్లు. ఇల్లు వదిలిన ముసలమ్మ, ఆ చోటు ఒకప్పుడు సముద్రమే కదా అని తేలికగా అంటుంది. ఆ తేలికదనాన్ని ఆ సినిమా తనకు అనుకూలంగా వాడుకుందని నాకు ఇప్పటికీ అసంతృప్తి.

ఈ చిత్రాలను గీసినవాళ్ళ కూలి గురించి కూడా చెబితేనే మీ ప్రశ్నకు జవాబు పూర్తవుతుంది. తకహాతా, మియజాకి ఇద్దరూ తోఎయ్ దోగా అనే యానిమేషన్ సంస్థలో పనివాళ్ళుగా మొదలైనవారు. 1963లో చేరిన మియజాకి మరుసటి ఏడాదే కార్మిక సంఘ కార్యదర్శి అయ్యారు, తకహాతా అదే సంఘంలో ముందుండేవారు. 1968లో తకహాతా తొలి చిత్రంలో రాక్షసుడి మీద గెలిచేది ఒంటరి వీరుడు కాదు, ఊరంతా కలిసి రాజేసిన నిప్పు. సంఘపు రోజుల అనుభవం నేరుగా తెరమీదికి వచ్చింది. తరువాతి కాలంలో మియజాకి మార్క్సిజం మీద నమ్మకం వదులుకున్నానని చెప్పినా, పనిచేసే చేతుల మీద ఆయన చూపు మారలేదు. 1989 చివరిలో ఈ ఇద్దరి చిత్రాలు తీసే జిబ్లీ స్టూడియో తన యానిమేటర్లను శాశ్వత ఉద్యోగులుగా తీసుకుని జీతాలు రెట్టింపు చేయాలని నిర్ణయించింది. పరిశ్రమలో అది మినహాయింపే. యానిమేటర్ల సంఘం 2015లో వెలువరించిన సర్వే ప్రకారం, 2013లో మధ్య బొమ్మలు (రెండు ముఖ్యమైన బొమ్మల నడుమ కదలికను పూరించేవి) గీసేవారి సగటు వార్షిక ఆదాయం సుమారు 11 లక్షల యెన్లు, అంటే నెలకు లక్షలోపే. టోక్యోలో దానితో అద్దె కట్టి బతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. హినా వంటింటిని గీసే చేతికి ఆ వంటిల్లు పరాయిది కాదన్నమాట.

ఇక మీ అమ్మాయితో ఏవి చూడవచ్చునన్నది. ముందు ‘కికీ’ చూడండి, తరువాత ‘స్పిరిటెడ్ అవే’ను మళ్ళీ ఒకసారి చూడండి, ఈసారి బంగారు రజను దృశ్యం దగ్గర ఆపి, అది ఎవరికి దక్కాలని ఆమెనే అడగండి. ‘మొనొనొకె’లో చేతులు, తలలు తెగే దృశ్యాలు ఉన్నాయి కనుక రెండు మూడేళ్ళు ఆగడం మంచిది. ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ పెద్దపిల్లలకే. ‘ఓన్లీ ఎస్టర్‌డే’లో పిల్లలకు కాలక్షేపం అయ్యేది తక్కువ, కాని అబె చెయ్యి ఇవ్వని ఆ నాలుగు నిమిషాలు మాత్రం ఆమె వయసు పిల్లలకు మనకంటే బాగా అర్థమవుతాయి. ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ను ఆమె ఒంటరిగా చూడనివ్వకండి, చూసిన రోజు సాయంత్రం మరో పని పెట్టుకోకండి.